తాళంచెవి పోయిందని ఎవరికి చెప్పుకోవాలి?

సంక్రాంతికి వారం ముందు, డల్లాస్‌లో ఉంటున్న నా ఇంజనీరింగ్ స్నేహితుడు ఒక మెయిల్ పంపాడు. విజయవాడ దగ్గర వాళ్ళ నాన్నగారి పేరున ఉన్న స్థలం అమ్మకానికి పెట్టారు. దస్తావేజుల స్కాన్లు, బ్యాంకు వివరాలు అన్నీ ఆ మెయిల్లో ఉన్నాయి. వాటిని ప్రింటు తీయించి డాక్యుమెంట్ రైటర్‌కి అందజెయ్యడం నా పని. మావాడు జాగ్రత్తపరుడు. ఇలాంటివి మామూలు మెయిల్లో పంపడు. నా పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి మరీ పంపాడు.

నేనేమో పండక్కి ఊరెళ్ళాను, లాప్‌టాప్ లేకుండా. తొమ్మిది రోజుల తర్వాత వచ్చి చూస్తే ఆ మెయిల్ తెరుచుకోదు. ఫోన్ చేశాను.

"ఏదో పంపావు గానీ, తెరుచుకోవట్లేదురా."

"నీ కీతోనే పంపాను కదరా!"

"ఏ కీ?"

"నీదే. 2006ది."

"అది చచ్చిపోయి పదేళ్ళు దాటిందిరా బాబూ."

"మరి నాకెవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. 2006లో ఆఫీసులో మా నలుగురికీ పీజీపీ పిచ్చి పట్టుకుంది. కీలు చేసుకుని, ఒకరి కీ మీద ఒకరం సంతకాలు పెట్టుకుని, కీసర్వర్లోకి ఎక్కించేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఇరానీ చాయ్ తాగొచ్చాం. కీకి గడువు పెట్టలేదు. రద్దు పత్రం, అదే రివొకేషన్ సర్టిఫికెట్, చేసి పెట్టుకోలేదు. 2011లో హార్డ్‌డిస్క్ పోయింది, దాంతోపాటే ప్రైవేట్ కీ కూడా. కొత్త కీ చేసుకుని నా మానాన నేనున్నాను. పాతది మాత్రం సర్వర్లలోనూ, మావాడి కీరింగ్‌లోనూ నిక్షేపంలా బతికే ఉంది.

మళ్ళీ పంపించుకోడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఈలోపు కొంటానన్నాయన, కాగితాలు చూపించడానికే ఇన్నాళ్ళా అని అనుమానపడి ఇంకో స్థలానికి బయానా ఇచ్చేశాడు. మావాడి నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కీ పోతే ఎవరికి చెప్పాలి? మామూలు జీవితంలో దీనికి జవాబు ఉంది. ఏటీఎం కార్డు పోతే బ్యాంకుకి ఫోన్ చేస్తాం. సిమ్ పోతే కంపెనీ వాడు ఆపేస్తాడు. ఎవరికో ఇచ్చిన జీపీఏ రద్దు చెయ్యాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించి, పేపర్లో చిన్న ప్రకటన వేయిస్తాం. వీటన్నిట్లో మనం వెళ్ళాల్సిన చోటు ఒకటుంది. అవతలివాడు వాకబు చెయ్యాల్సిన చోటు కూడా అదే. పీర్ టు పీర్ నెట్‌వర్క్‌లో ఆ చోటు లేదు. లేకపోవడమే దాని గొప్పతనం అని మనమే చెప్పుకుంటాం కూడా.

ఇంటి తాళంచెవి పోతే తాళం మార్చేస్తాం, గొడవ వదిలిపోతుంది. పబ్లిక్ కీ సంగతి అలా కాదు. తాళాలన్నీ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో ఉంటాయి, చెవి ఒక్కటే మన దగ్గర ఉంటుంది. చెవి పోతే ఊరంతా తిరిగి అందరి తాళాలూ పీకించాలి. ఎవరెవరి దగ్గర ఉన్నాయో మనకి తెలియదు కూడా.

నా మటుకు నాకు, కీ రద్దు అన్నది మూడు ప్రశ్నలుగా కనిపిస్తుంది. రద్దు చేశానని చెప్పే హక్కు ఎవరికుంది? ఆ మాట అందరికీ ఎలా చేరుతుంది? చేరలేదన్న సంగతి చేరనివాడికి ఎలా తెలుస్తుంది? మనవాళ్ళు ఎక్కువగా రెండోదాని మీదే బుర్ర పెడతారు. అసలు చిక్కంతా మొదటిదాన్లోనూ మూడోదాన్లోనూ ఉందని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్న చూద్దాం. కేంద్రం లేని నెట్‌వర్క్‌లో నేను నేనేనని చెప్పేది నా కీ ఒక్కటే. ఆ కీ దొంగ చేతిలో కూడా ఉంటే నెట్‌వర్క్ దృష్టిలో మా ఇద్దరికీ తేడా లేదు. "పాత కీ పోయింది, ఇదిగో కొత్తది" అని నేను సంతకం పెట్టి చెప్పగలిగితే, దొంగ కూడా అదే సంతకంతో తన కొత్త కీని చూపించగలడు. నా దగ్గర కీ అసలే లేకపోతే నాకంటే దొంగే పెద్ద నేను!

దీనికి నాకు తెలిసిన చక్కటి జవాబు బిట్‌కాయిన్ సోర్స్ కోడ్‌లో ఉంది. నాణేల సంగతి కాదు నేను చెప్పేది, ఎలర్ట్ కీ సంగతి. 2010 ఆగస్టు 15న ఒక ఓవర్‌ఫ్లో బగ్ వల్ల ఒకే బ్లాకులో 18,400 కోట్ల బిట్‌కాయిన్లు పుట్టుకొచ్చాయి. కొన్ని గంటల్లో సరిచేశారు గానీ, ఇలాంటప్పుడు నోడ్లు నడిపేవాళ్ళందరికీ చాటింపు వెయ్యడానికి ఒక దారి ఉండాలని సతోషీ నకమోటో ఎలర్ట్ వ్యవస్థ పెట్టాడు. ఒక ప్రైవేట్ కీతో సంతకం చేసిన సందేశాన్ని ఏ నోడ్‌కి ఇచ్చినా అది సరిచూసుకుని, తన యజమానికి చూపించి, పక్క నోడ్లకి అందిస్తుంది. ఆ కీ కొద్దిమంది చేతుల్లో ఉండేది. కొన్నేళ్ళకి ఇదే తలనొప్పిగా తయారైంది. ఒకే కీ పలువురి దగ్గర ఉంటే, రేపు ఎవరైనా దుర్వినియోగం చేస్తే ఎవరు చేశారో చెప్పలేరు. 2016 ఆగస్టులో వచ్చిన 0.13.0 వెర్షన్‌లో ఆ వ్యవస్థని తీసేశారు. అయితే పాత వెర్షన్లు నడుపుతున్న నోడ్లు ఊళ్ళో ఇంకా బోలెడు. అవి ఆ కీని నమ్ముతూనే ఉంటాయి.

ఈ రోజు వస్తుందని ముందే ఊహించి కోడ్‌లో ఒక నియమం రాసిపెట్టారు. ఎలర్ట్ నంబర్లలో అన్నిటికంటే పెద్దదాన్ని, అంటే 2147483647ని, ఒకే ఒక్క సందర్భానికి కేటాయించారు. కీ దొంగల పాలైనప్పుడు. ఆ నంబరుతో వచ్చే సందేశంలో మాటలు ముందే రాసి ఉంటాయి: కీ పోయింది, కొత్త వెర్షన్‌కి మారండి. ఇంకే మాట ఉన్నా నోడ్లు పట్టించుకోవు. దానికి గడువు ఉండకూడదు. అన్ని వెర్షన్లకీ వర్తించాలి. అంతకు ముందున్న ఎలర్టులన్నిట్నీ కొట్టెయ్యాలి. దాన్ని మాత్రం ఇంకెవరూ కొట్టెయ్యలేరు.

ఇందులో తెలివి గమనించారా? ఆ చివరి సందేశాన్ని యజమాని పంపినా, దొంగ పంపినా ఫలితం ఒక్కటే. కీ చస్తుంది. "అంతా బాగానే ఉంది, కంగారుపడకండి" అని దొంగ దాన్ని వాడుకోలేడు, మాటలు ముందే ఖరారయ్యాయి కాబట్టి. అంటే ఎవరు అసలు, ఎవరు నకిలీ అన్న తేలని ప్రశ్నని తేల్చడం మానేసి, ఆ ప్రశ్నతో పనే లేకుండా చేశారు. 2017 జనవరిలో ఆ చివరి ఎలర్ట్ పంపారు. అదే ఏడాది మార్చిలో వచ్చిన 0.14.0 నుంచి, పాత నోడ్ ఎవరైనా వచ్చి కలిస్తే ఈ సందేశాన్ని వాళ్ళ చేతిలో పెట్టడం మొదలెట్టారు. ఆ పైన 2018 జూలైలో ఆ ప్రైవేట్ కీని బాహాటంగా ప్రచురించేశారు. ఇంక దాన్ని దొంగిలించాల్సిన పని ఎవరికీ లేదు.

కాబట్టి నా మొదటి సూత్రం: కీని చంపడం ఎంత తేలికైతే అంత మంచిది, చచ్చిన కీని బతికించడం మాత్రం ఎవరివల్లా కాకూడదు. దొంగ కావాలని నా కీని చంపేస్తే, అంటారా? చంపనివ్వండి. నా కీ దొరికిన దొంగ చెయ్యగల పనుల్లో నాకు మేలు చేసేది అదొక్కటే.

కొత్త కీ ఏది అన్నది వేరే ప్రశ్న. దాన్ని రద్దుతో ముడిపెడితేనే గందరగోళం. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. ఈ రోజు కీ ప్రకటించేటప్పుడే, తర్వాత వాడబోయే కీ తాలూకు హాష్‌ని కూడా దాంతోపాటు ప్రకటించి, ఆ రెండో కీని ఎక్కడో ఆఫ్‌లైన్‌లో దాచిపెట్టొచ్చు. అప్పుడు ఇవాళ్టి కీ దొంగిలించినవాడు వారసుణ్ణి మార్చలేడు. ఆస్తి పోయాక కాదు కదా వీలునామా రాసేది!

రెండో ప్రశ్న, చాటింపు. దీనికి పాత పీజీపీ కీసర్వర్ల కథ చూడండి. ఎస్‌కేఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆ సర్వర్లు ఒకదానికొకటి గాసిప్ పద్ధతిలో కీలు ఇచ్చిపుచ్చుకునేవి. ఒక సర్వర్లో ఎక్కిస్తే కాసేపటికి అన్నిట్లోకీ పాకేది. ఏదీ తొలగించడానికి వీల్లేదు, కలపడం మాత్రమే. ఏ ప్రభుత్వమూ, ఏ సర్వర్ యజమానీ ఎవరి రద్దు పత్రాన్నీ మాయం చెయ్యకూడదని అలా కట్టారు. రద్దు సమాచారానికి అంతకంటే మంచి గుణం ఏముంటుంది?

ఆ గుణమే దాన్ని ముంచింది. ఒకరి కీ మీద ఎవరైనా సంతకం పెట్టి ఎక్కించవచ్చు, తీసెయ్యడానికి మాత్రం లేదు. 2019 జూన్‌లో ఎవరో ఓపెన్‌పీజీపీ కోసం ఎన్నాళ్ళుగానో పనిచేస్తున్న ఇద్దరి కీల మీద ఒక్కోదానికి లక్షన్నర దాకా చెత్త సంతకాలు తగిలించారు. ఆ కీలు దించుకుంటే చాలు, గ్నూపీజీ పీకల దాకా మునిగి కదలకుండా కూర్చునేది. ఎలా ఉందో చూడండి: రద్దయిందేమో తెలుసుకుందామని కీని రిఫ్రెష్ చేసిన జాగ్రత్తపరుడే దెబ్బతిన్నాడు, ఎప్పుడూ పట్టించుకోనివాడు హాయిగా ఉన్నాడు. వచ్చే నెలలోనే గ్నూపీజీ 2.2.17లో, కీసర్వర్ల నుంచి వచ్చే ఇతరుల సంతకాలని డిఫాల్టుగా పక్కన పెట్టెయ్యడం మొదలెట్టారు. 2021 జూన్‌లో ఎస్‌కేఎస్ సర్వర్ల ఉమ్మడి పూల్ మూతబడింది. అప్పటికి, తమ వివరాలు తీసెయ్యమని యూరప్ చట్టం కింద అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. తీసెయ్యడమే చేతకాని వ్యవస్థ వాళ్ళకి ఏం చెబుతుంది?

2019లోనే వచ్చిన కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ సర్వర్ ఈ గొడవ లేకుండా, మెయిల్ ఐడీ యజమాని ఒప్పుకుంటేనే చూపిస్తుంది, ఒప్పుకోకపోయినా రద్దు సమాచారం ఇస్తుంది. బాగుంది కదా? కాకపోతే అప్పటి గ్నూపీజీ యూజర్ ఐడీ లేని కీని లోపలికి రానిచ్చేది కాదు. రద్దు వార్త గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళేది! సర్వర్లో ఉంటే సరిపోదు, వార్త వినేవాడి చెవిలో పడాలి.

ఈ కథ నుంచి నేను నేర్చుకున్నది: రద్దు వార్తని ఎవరైనా మొయ్యొచ్చు, ఎవరూ చెరపలేకపోవాలి, కానీ ఆ కీ యజమాని సంతకం లేని ఒక్క బైటు కూడా దాంతో కలవకూడదు. అప్పుడు రద్దు పత్రం చిన్నగా, నిర్ణీత సైజులో ఉంటుంది. కీకి ఒక్కటే రద్దు, దానికి ఒక్కటే రూపం. వరద పారించడానికి సందు ఉండదు.

ఇంక మూడో ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. నిశ్శబ్దం. నా నోడ్‌కి రద్దు వార్త ఏదీ రాలేదు. అంటే ఎవరూ రద్దు చెయ్యలేదనా, లేక నా చుట్టూ ఉన్న పీర్లు నాకు చెప్పలేదనా? నా కనెక్షన్లన్నిట్నీ ఒకడే ఆక్రమిస్తే, నాకు వాడు వినిపించదలుచుకున్నదే వినిపిస్తుంది. ఎంత మంచి గాసిప్ ప్రోటోకాల్ రాసినా, "వార్త లేదు" అన్న దాన్ని సంతకం పెట్టి ఎవరూ ఇవ్వలేరు.

కేంద్రం ఉన్నవాళ్ళు దీన్ని గెలిచారా అంటే, అదీ లేదు. వెబ్ సర్టిఫికెట్ల విషయంలో బ్రౌజర్ ఓసీఎస్‌పీ సర్వర్‌ని అడిగి, జవాబు రాకపోతే పోనీలే అని ముందుకెళ్ళిపోయేది. దొంగ మధ్యదారిలో కూర్చుంటే ఆ ప్రశ్నని కూడా వాడే ఆపేస్తాడు కదా! దొంగ లేనప్పుడు పనిచేసి, దొంగ ఉన్నప్పుడు పనిచెయ్యని కాపలా అది. 2012లో క్రోమ్ ఆ వాకబుని డిఫాల్టుగా మానేసింది. 2025 ఆగస్టులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన ఓసీఎస్‌పీ సర్వర్లని ఆపేసింది. రద్దు జాబితాలు ఇంకా ఉన్నాయి గానీ, అసలు బరువు వేరేచోటికి మారింది. సర్టిఫికెట్ గరిష్ఠ గడువుని 2029 మార్చి కల్లా 47 రోజులకి దించాలని సర్టిఫికెట్ సంస్థలూ బ్రౌజర్లవాళ్ళూ 2025 ఏప్రిల్‌లో తీర్మానించుకున్నారు. డబ్బూ సర్వర్లూ ఉన్న పెద్దలే రద్దు మీద ఆశ తగ్గించుకుని గడువు వైపు నడుస్తుంటే, మన పీర్ టు పీర్ వాళ్ళం "గాసిప్ చేస్తే చేరుతుందిలే" అని కూర్చోవడం అత్యాశ కాదూ?

గడువు చేసే మేలు ఏమిటంటే, అది ప్రశ్ననే తిరగేస్తుంది. రద్దు పద్ధతిలో, వార్త రాకపోతే కీ బతికున్నట్టు. గడువు పద్ధతిలో, వార్త రాకపోతే కీ చచ్చినట్టు. నా చుట్టూ ఉన్న దొంగ పీర్లు వార్తలు తొక్కిపెట్టి మహా అయితే బతికున్న కీని నాకు చచ్చినట్టు చూపించగలరు. చచ్చిన కీని బతికున్నట్టు చూపించలేరు. నా పాత కీకి ఏడాది గడువు పెట్టుంటే, డిస్క్ పోయిన మరుసటి ఏడాదే మావాడి మెషీన్ ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చెయ్యనని మొరాయించేది. ఎవరూ చెప్పకుండానే వాడికి తెలిసేది.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. మనలో చాలామంది గడువు తీరిన సర్టిఫికెట్ కోసం అర్ధరాత్రి లేచినవాళ్ళమే. 2020 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలు ఆగింది సర్టిఫికెట్ పునరుద్ధరించడం మర్చిపోవడం వల్లే. పీర్ టు పీర్‌లో అయితే నెలల తరబడి ఆఫ్‌లైన్‌లో ఉండే నోడ్లు ఉంటాయి, గడియారం తప్పు చూపించేవీ ఉంటాయి. నిజమే. కానీ ఆ ఆగిపోవడం ఒక మొహమాటం లేని అలారం. ఆ రోజే తెలుస్తుంది, ఆ రోజే సరిచేస్తాం. రద్దు కాని కీ చేసే నష్టం చప్పుడు చెయ్యదు. పదేళ్ళ తర్వాత స్థలం అమ్మకం రూపంలో బయటపడుతుంది. రెంటిలో ఏది నయం?

గడువు ఒక్కటే చాలు, రద్దు అక్కర్లేదు అనడం లేదు నేను. గడువు లోపల పోయిన కీకి రద్దు కావాల్సిందే. రద్దు చేసేటప్పుడు కారణం కూడా సరిగ్గా చెప్పాలి. ఓపెన్‌పీజీపీలో "కొత్త కీకి మారాను" అంటే, అంతకు ముందు పెట్టిన సంతకాలు చెల్లుతాయి. "దొంగల పాలైంది" అంటే పాతవి కూడా చెల్లవు, ఎందుకంటే దొంగ తారీఖు వెనక్కి వేసి సంతకం పెట్టగలడు. ఏ కారణమూ చెప్పకపోయినా దొంగతనం లెక్కే.

ఇదంతా పీజీపీ పిచ్చివాళ్ళ గోల, మనకెందుకు అనుకుంటున్నారా? మీ సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్ ఆథరైజ్డ్ కీస్ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. కేంద్రం లేదు, గడువు లేదు, ఒక్కో మెషీన్‌లో ఒక్కో కాపీ. ఉద్యోగం మానేసి కెనడా వెళ్ళిపోయినవాళ్ళు కూడా అందులో ఉంటారు. 2008 మే నెలలో, డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మార్పులో ఉన్న పొరపాటు వల్ల ఒక్కో రకం కీలో 32,768 మాత్రమే పుడుతున్నాయని బయటపడింది. అప్పుడు అన్ని మెషీన్లలో చెల్లని కీలని ఏరడానికి నిషేధ జాబితానే ఒక ప్యాకేజీగా పంచాల్సొచ్చింది. ఊరికి పెద్ద ఉన్నాడు కాబట్టి, అంటే అప్‌డేట్లు ఇచ్చే డెబియన్ ఉంది కాబట్టి ఆ చాటింపు సాగింది. పెద్ద లేని ఊరు కడుతున్నవాళ్ళు ఈ పని ఎలా చేస్తారో మొదటి రోజే డిజైన్‌లో రాసుకోవాలి. కీ పుట్టించే ఫంక్షన్ రాసిన రోజే దాన్ని చంపే ఫంక్షన్ కూడా రాయాలి. తర్వాత వెర్షన్‌లో చూద్దాం అంటే, పాత వెర్షన్ నోడ్లకి ఆ మాట చెప్పే దారే ఉండదు.

నా సంగతికొస్తే, ఇప్పుడున్న కీకి ఏడాది గడువు పెట్టాను. ప్రతి ఏటా ఉగాదికి పొడిగిస్తాను. ప్రధాన కీ మెషీన్ మీద లేదు, పెన్‌డ్రైవ్‌లో బీరువాలో ఉంది. 2014లో వచ్చిన 2.1 నుంచి గ్నూపీజీ కీతోపాటు రద్దు పత్రాన్ని తనే తయారు చేస్తోంది, పొరపాటున అమల్లోకి రాకుండా ముందొక కోలన్ కూడా పెట్టి. మంచిదే, కానీ అది కూడా అదే డిస్క్‌లో పడి ఉంటుంది. డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. అందుకని కాగితం మీద రెండు ప్రింట్లు తీశాను. ఒకటి ఇంటి దస్తావేజుల ఫైల్లో పెట్టాను. రెండోది మా తమ్ముడి దగ్గరుంది. వాడికి క్రిప్టోగ్రఫీ తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఆ కాగితంతో వాడు నా మెయిళ్ళు చదవలేడు, నా పేరుతో సంతకం పెట్టలేడు. నా కీని చంపగలడు, అంతే.

2006 నాటి కీని మాత్రం ఏమీ చెయ్యలేను. దానికి గడువు లేదు, దాన్ని చంపే కాగితం లేదు. మొన్న మావాడికి ఫోన్ చేసి, నీ కీరింగ్‌లోంచి అది తీసెయ్యరా అని చెప్పాను. తీసేశాడు. ఇరవై ఏళ్ళలో ఆ కీకి జరిగిన రద్దు అదొక్కటే. ఆ రోజుల్లో టీ తాగిన మిగతా ఇద్దరికీ కూడా ఫోన్లు చెయ్యాలి.